డేరాల్లో మొదలైన చదువు: డాక్టర్ జాకిర్ హుసేన్ గారి జీవితం

 ఈ సావనీర్ కోసం మేము మరహూం డాక్టర్ జాకిర్ హుసేన్ సాహెబ్ గారి జీవితం రాయదలచాము. వారు మన దేశానికి మూడవ రాష్ట్రపతి అని పిల్లలందరికీ తెలుసు. జనరల్ నాలెడ్జి పరీక్షలో ఒక మార్కు వస్తుంది, అంతటితో సరి. కానీ వారు రాష్ట్రపతిగా ఉన్నది రెండేళ్లే. ఒక బీద విద్యాలయాన్ని నడిపింది మాత్రం ఇరవై రెండేళ్లు. మేము చెప్పదలచినది ఆ విద్యాలయం సంగతే.

జాకిర్ సాహెబ్ 1897 ఫిబ్రవరి 8న మన హైదరాబాదులోనే పుట్టారు. తండ్రి ఫిదా హుసేన్ ఖాన్ గారు ఇక్కడ వకీలు. 1907లో తండ్రి పోయారు. కుటుంబం ఉత్తరప్రదేశ్‌లోని సొంత ఊరు కాయంగంజ్ వెళ్లిపోయింది. 1911లో ప్లేగు వచ్చి తల్లి కూడా పోయింది. యతీముగా ఇటావా ఇస్లామియా హైస్కూల్లో చదివి, తర్వాత అలీగఢ్ కాలేజీకి చేరారు.

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చారు. సర్కారు సహాయంతో నడిచే కాలేజీలను వదిలి బయటికి రమ్మని విద్యార్థులను పిలిచారు. అప్పటికి జాకిర్ సాహెబ్‌కు 23 ఏళ్లు. ఎం.ఎ. చదువుతూనే కాస్త పాఠాలు కూడా చెబుతున్నారు. మంచి ఉద్యోగం చేతికి అందే దూరంలో ఉంది. అదంతా వదులుకుని బయటికి వచ్చారు. అక్టోబరు 29న, అలీగఢ్ కాలేజీ మసీదులోనే, జామియా మిల్లియా ఇస్లామియాను స్థాపించారు. పునాది మాట పలికినవారు మౌలానా మహమూద్ హసన్ సాహెబ్. హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ మొదటి అమీర్, మౌలానా ముహమ్మద్ అలీ మొదటి షేఖుల్ జామియా.

పేర్లు పెద్దవే. ఇక చేతిలో ఏముందో చూడండి. సొంత బిల్డింగు లేదు. కొన్ని అద్దె బంగళాలు, కొన్ని డేరాలు. సర్కారు గ్రాంటు అక్కర్లేదని వచ్చినవాళ్లే కాబట్టి గ్రాంటు ప్రశ్నే లేదు. అక్కడ ఇచ్చే డిగ్రీకి సర్కారు ఉద్యోగం రాదు. పాఠం చెప్పేవారిలో కొందరు నిన్నటి దాకా పాఠం విన్నవారే. ఇదే ప్రతిపాదన మన కార్యవర్గం ముందుకు వస్తే ఏమయ్యేదో సభ్యులే ఆలోచించుకోవాలి. సబ్ కమిటీ వేసేవాళ్లం, ఛాయ్ తాగేవాళ్లం, వచ్చే మీటింగుకు వాయిదా వేసేవాళ్లం.

ఎవరినో ఎత్తిపొడవడానికి ఈ మాట అనడం లేదు. మేమే అలా చేశాము. మా పేటలో సాయంత్రపు చదువు పెట్టాలని అనుకుని మూడేళ్లు జాప్యం చేశాము. మంచి గది దొరకాలి, బెంచీలు కావాలి, లెక్కలకు ట్రైనింగ్ అయిన టీచరు కావాలి, సిలబస్ అంతా ముందే రాసుకోవాలి అని. సిలబస్ మూడుసార్లు తిరగ రాశాము, దస్తూరి కూడా బాగా కుదిరింది. ఆ మూడేళ్లలో టెన్త్ తప్పిన పిల్లల్లో ఇద్దరు మెకానిక్ షాపులో చేరారు, ఒకడు బేకరీలో. ఆడపిల్ల ఒకతి నిఖా అయి వెళ్లిపోయింది. వాళ్ల కోసమే గదా ఆ సిలబస్ రాసింది! చివరకు ఒక ఇంటి వరండాలో జంపఖానా పరిచి, తొమ్మిది మంది పిల్లలతో మొదలుపెట్టాము. లెక్కల టీచరు ఇప్పటికీ దొరకలేదు. ఇంటర్ చదివే అబ్బాయి ఒకడు చెబుతున్నాడు, కొన్నిసార్లు తప్పులు కూడా చెబుతాడు, మర్నాడు దిద్దుకుంటాడు.

మళ్లీ జాకిర్ సాహెబ్ దగ్గరికి వద్దాం. వారు పైపైన పని చేసి వదిలేసే మనిషి అని ఎవరూ అనుకోరాదు. చాలా నాజూకైన అభిరుచి వారిది. గులాబీలంటే ప్రాణం, మంచి ఖత్ కంటబడితే వదిలేవారు కాదు. 1922లో పై చదువుకు జర్మనీ వెళ్లి, 1926లో బెర్లిన్‌లో డాక్టరేట్ పొందారు. అక్కడ ఉన్నప్పుడే దీవానె గాలిబ్‌ను అందంగా అచ్చు వేయించారు. అందుకోసం ప్రెస్సులో కూర్చుని స్వయంగా అక్షరాలు పేర్చారు.

ఇంత పట్టింపు ఉన్న మనిషి, జర్మన్ డాక్టరేట్ చేతిలో ఉన్న మనిషి, ఎక్కడికి తిరిగి వచ్చారు? 1924లో ఖిలాఫత్ రద్దయింది, ఆ కమిటీ నుంచి వచ్చే డబ్బు ఆగింది. 1925లో జామియాను అలీగఢ్ నుంచి ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు మార్చారు. మూసేద్దామన్న మాట కూడా నడిచింది. ఆ కబురు విని జాకిర్ సాహెబ్, మిత్రులు ఆబిద్ హుసేన్, ముజీబ్ సాహెబ్‌లు తమ జీవితాలు జామియాకే ఇస్తాము, మూయవద్దని జర్మనీ నుంచే తెలియజేశారు. జామియా బాగుపడ్డాక వస్తామని అనలేదు. 1926లో వచ్చి, 29వ ఏట జాకిర్ సాహెబ్ షేఖుల్ జామియా అయ్యారు.

1927 చివర్లో హకీం సాహెబ్ కన్ను మూశారు. ఖజానా ఖాళీ. జీతాలు వేళకు అందేవి కావు. 1928లో జాకిర్ సాహెబ్, సహచరులు కొందరు కలిసి, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోకుండా ఇరవై ఏళ్లు పనిచేస్తామని ప్రమాణం చేశారు. మా వంటి ఉపాధ్యాయులకు ఈ సంగతి చదివితే తల వంగిపోతుంది.

వారి పట్టింపు ఎక్కడ కనబడేదంటే, పిల్లల దగ్గర. బూట్లు మురికిగా వేసుకు వస్తున్నారని ఒకరోజు షేఖుల్ జామియా గారే బ్రష్షు, పాలిష్ పట్టుకుని గేటు దగ్గర కూర్చున్నారని చెప్పుకుంటారు. పిల్లలకు సిగ్గేసింది, మర్నాటి నుంచి బూట్లు మెరిశాయి. బిల్డింగు లేదని చింతించని మనిషి బూటు మీది మట్టిని సహించలేదు. పిల్లల కోసం వారే కథలు రాశారు. ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’ మన ఇళ్లలో చాలామంది చదివే ఉంటారు.

సొంత బిల్డింగుకు పునాది పడింది 1935 మార్చి 1న, ఓఖ్లాలో. అంటే మొదలైన పద్నాలుగేళ్ల తర్వాత! ఆ రాయి వేయడానికి నవాబును గాని, నాయకుణ్ణి గాని పిలవలేదు. జామియాలో అందరికన్నా చిన్న పిల్లవాడి చేత వేయించారు.

1937లో వార్ధాలో గాంధీజీ విద్యా మహాసభ పెట్టినప్పుడు కమిటీకి అధ్యక్షత జాకిర్ సాహెబ్‌కే అప్పగించారు. అదే డిసెంబరులో నివేదిక ఇచ్చేశారు. అందులో తమ పథకానికే రాగల ప్రమాదం కూడా రాశారు. పిల్లలు చేసే వస్తువుల మీద వచ్చే రాబడికే బడివారు ప్రాముఖ్యమిస్తే చదువు చెడుతుందని. లోపం తెలిసీ, దాన్ని అక్కడే రాసిపెట్టి, ముందుకు నడిచారు.

తర్వాత పదవులు చాలా వచ్చాయి. 1948లో అలీగఢ్ వైస్ ఛాన్సలర్, 1957లో బీహార్ గవర్నర్, 1962లో ఉపరాష్ట్రపతి, 1963లో భారతరత్న, 1967 మే 13న రాష్ట్రపతి. పదవిలో ఉండగానే 1969 మే 3న ఇంతకాల్ అయ్యారు. 1988లో జామియా కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. అది చూడటానికి వారు లేరు.

వారి ఖబర్ జామియాలోనే ఉంది. ఢిల్లీ వెళ్లే మన సభ్యులు ఎర్రకోట, జామా మసీదు చూసి రైలెక్కేస్తారు. ఈసారి పిల్లలను వెంటబెట్టుకుని ఓఖ్లా దాకా వెళ్లి, అక్కడ ఫాతిహా చదివి రావాలని కోరుతున్నాము.