నంద్యాల మళ్ళించిన జీవితం

పిల్లవాడు పరీక్ష తప్పుతాడు. ఖాయమనుకున్న పెళ్ళి సంబంధం వెనక్కి పోతుంది. పత్తి ఇంటికి చేరే వేళకు వాన పట్టుకుంటుంది. ఇటువంటప్పుడు గుడికి వెళ్ళి మోకరించినా మనసు నిలవదు. దేవుడు మన మొర ఆలకించలేదేమో అనిపిస్తుంది. తానొకటి తలిస్తే దైవమొకటి తలచును అని మన పెద్దలు అన్నారు. ఈ మాటను నిట్టూర్పుతో అనేవారే ఎక్కువ. నమ్మికతో కూడా అనవచ్చు. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలవారు ఎరిగిన ఒక జీవితాన్ని ఈ వారం తలచుకుందాం. ఆయన మన దేశానికి ఆరవ రాష్ట్రపతి అయిన నీలం సంజీవరెడ్డి గారు.

సంజీవరెడ్డి గారు 1913 మే 19న అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారు. మద్రాసు అడయారులోను, తర్వాత అనంతపురం ఆర్ట్స్ కళాశాలలోను చదివారు. 1929లో గాంధీజీ అనంతపురం రావడం ఆ యువకుని మనసు మార్చివేసింది. 1931లో చదువు మాని స్వాతంత్ర్య పోరాటంలో దిగారు. 1940 నుండి 1945 వరకు ఎక్కువ కాలం జైళ్ళలోనే గడిచింది. నేటి మహారాష్ట్రలోని అమరావతి జైలులో ప్రకాశం పంతులు గారు, కామరాజ్ గారు, వి.వి. గిరి గారు ఆయనకు తోటి ఖైదీలు. ఈ గిరి గారి పేరు గుర్తుంచుకోండి.

స్వరాజ్యం వచ్చాక పదవులు వచ్చాయి. పదవులతోపాటు దుఃఖమూ వచ్చింది. రాష్ట్ర కాంగ్రెసు అధ్యక్షుడుగా ఉన్న కాలంలో ఆయన అయిదేళ్ళ కుమారుడు మోటారు ప్రమాదంలో మరణించాడు. ఆ తండ్రి ఎంతగా కుంగిపోయారంటే, అధ్యక్ష పదవికే రాజీనామా ఇచ్చారు. తోటివారు బతిమాలి ఆపవలసి వచ్చింది.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు మొదటి ముఖ్యమంత్రి ఆయనే. 1960లో అఖిల భారత కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. 1962లో మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. రెండేళ్ళయినా గడవకముందే కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయం వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. కోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. 1964లో ఆయన తనంతట తానే రాజీనామా చేసి కుర్చీ దిగారు.

తర్వాత కేంద్రమంత్రిగా పనిచేశారు. 1967లో హిందూపురం నుండి గెలిచి లోక్‌సభ స్పీకరయ్యారు. స్పీకరు అందరివాడుగా ఉండాలని పార్టీ సభ్యత్వం వదులుకున్నారు.

1969 మేలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ గారు మరణించారు. కాంగ్రెసు పార్టీ సంజీవరెడ్డి గారిని అభ్యర్థిగా ప్రకటించింది. ఆయన స్పీకరు పదవి వదిలి బరిలో నిలిచారు. గెలుపు ఖాయమనుకున్నారు. కాని ప్రధాని ఇందిరాగాంధీ తమ అంతరాత్మ చెప్పినట్లు ఓటు వేయవలసిందిగా సభ్యులను కోరారు. పోటీలో ఉన్నది ఎవరు? ఒకనాడు జైలులో తోడున్న గిరి గారే. మొదటి లెక్కింపులో ఎవరికీ కావలసినన్ని ఓట్లు రాలేదు. రెండవ ప్రాధాన్యపు ఓట్లు కలిపితే గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427 విలువ గల ఓట్లు తేలాయి. సొంత పార్టీవారే చేయి వదిలితే కలిగే బాధ ఎటువంటిదో కుటుంబాలలో వాటాల తగవులు చూసినవారికి చెప్పనక్కరలేదు.

ఆయన క్రియాశీల రాజకీయాల నుండి తప్పుకొని అనంతపురం వచ్చి వ్యవసాయం చూసుకున్నారు. యాభై ఆరేళ్ళ వయసు. ఇక ఆయన కథ ముగిసిందనే లోకం అనుకుంది.

1977 మార్చిలో ఎన్నికలు వచ్చాయి. ఆయన జనతా పార్టీ తరఫున నంద్యాల నుండి లోక్‌సభకు నిలబడ్డారు. ఆళ్ళగడ్డ కూడా ఆ నియోజకవర్గంలోదే. రాష్ట్రంలోని 42 స్థానాలలో 41 కాంగ్రెసు గెలుచుకుంది. మిగిలిన ఆ ఒక్కటి నంద్యాల. ఏ కర్నూలు జిల్లా వ్యవహారంతో 1964లో పదవి పోయిందో, ఆ జిల్లాలోని ఓటర్లే ఆయనను మళ్ళీ ఢిల్లీకి పంపారు. మార్చి 26న మరల స్పీకరయ్యారు. జూలైలో రాష్ట్రపతి పదవికి 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లలేదు. ఎనిమిదేళ్ళ క్రితం ఓడిపోయిన పదవి పోటీ లేకుండానే దక్కింది. జూలై 25న ప్రమాణం చేశారు. మదర్ తెరెసాకు భారతరత్న లభించిన 1980లో రాష్ట్రపతి ఆయనే. 1982లో పదవీకాలం ముగిశాక మళ్ళీ అనంతపురం చేరారు. 1996 జూన్ 1న బెంగుళూరులో కన్నుమూశారు.

ప్రియ పాఠకులారా, సంజీవరెడ్డి గారు మన సంఘస్థులు కారు. అయినా ఆయన జీవితం చదువుతుంటే యాకోబు కుమారుడైన యోసేపు గుర్తుకు వస్తాడు. అన్నలు అమ్మివేశారు, చెరసాల పాలయ్యాడు, చివరకు ఐగుప్తులో అధికారి అయ్యాడు. అయితే ఇక్కడ మనం ఒక పొరపాటు చేయకూడదు. పదవి వచ్చింది కనుక దేవుడు తోడున్నాడని, ఓడిపోయాడు కనుక విడిచిపెట్టాడని లెక్క కట్టరాదు. చెరసాలలో ఉన్ననాడు కూడా దేవుడు యోసేపుతోనే ఉన్నాడు.

ఇంకొక నిజం కూడా ఒప్పుకోవాలి. అందరి జీవితాలలోనూ ఒక నంద్యాల రాదు. సంజీవరెడ్డి గారికి పోయిన పదవి తిరిగి వచ్చింది గాని, పోయిన బిడ్డ తిరిగి రాలేదు. మన ప్రభువు కూడా గెత్సేమనే తోటలో పాత్ర తొలగించమని వేడుకున్నారు. పాత్ర తొలగలేదు. అయినా తండ్రి చేతిని విడువలేదు. నమ్మిక అంటే కోరినది దొరుకుతుందన్న ధీమా కాదు, దొరకకపోయినా తండ్రి తండ్రేనన్న నిశ్చయం.

కనుక మీ ఇంట ఎవరైనా ఈ ఏడు ఓడిపోయి ఉంటే, వారిని దెప్పకండి. ఎదురింటి పిల్లలతో పోల్చకండి. రాత్రి కుటుంబ జపమాలలో వారి పేరు చెప్పి ప్రార్థించండి. తెల్లవారాక చేయవలసిన పని చేయనివ్వండి. ఓడిన మనిషి అనంతపురంలో సేద్యం చేసుకున్నట్లే, మన చేతిలో మిగిలిన పనిని శ్రద్ధగా చేయడం కూడా దైవచిత్తానికి తల ఒగ్గడమే. మిగిలినది ఆయనకు వదిలిపెడదాం.