అమ్మ ఒంటికి కబురెలా అందుతుంది? రోజర్ షార్ట్‌కు నివాళి

కడుపు నిలిచిందని అమ్మ గుర్తించకముందే ఆమె ఒంటికి తెలిసిపోతుంది. ఎవరు చెప్తారు? ఆ ప్రశ్నకు 1969లో ఒక పేరు పెట్టి శాస్త్రవేత్తల ముందుంచిన రోజర్ వాలెంటైన్ షార్ట్ 2021లో వెళ్లిపోయారు. సిడ్నీ శివారు స్కోఫీల్డ్స్‌లో మన ఇళ్లలో ఆయన పేరు విన్నవాళ్లు తక్కువే. కానీ హెచ్‌ఎస్‌సీ (పన్నెండో తరగతి) బయాలజీలో గర్భాన్ని హార్మోన్లు ఎలా నిలబెడతాయో చదివే మన పిల్లలు ఆయన వేసిన దారిలోనే నడుస్తున్నారు.

ఆయన 1930లో ఇంగ్లండ్‌లో పుట్టారు. బ్రిస్టల్‌లో చదివింది పశువైద్యం. ఆ చదువే ఆయన్ని ఆడగుర్రం అండాశయం దగ్గరికి తీసుకెళ్లింది. పెరుగుతున్న అండం చుట్టూ ఉండే బుడగ గోడలో రెండు రకాల కణాలుంటాయి: లోపల గ్రాన్యులోసా, బయట థీకా. అండం విడుదలకు ముందు ఆ బుడగలోని ద్రవంలో ఈస్ట్రోజన్ నిండుగా ఉంటుంది. విడుదలయ్యాక ఆడగుర్రంలో థీకా కణాలు నశించి, గ్రాన్యులోసా కణాలు మిగులుతాయి. అక్కడ తయారయ్యేది ప్రొజెస్టరాన్. అంటే ఈస్ట్రోజన్‌కు థీకా, ప్రొజెస్టరాన్‌కు గ్రాన్యులోసా, ఇలా రెండు హార్మోన్లకు రెండు రకాల కణాలు కావాలని ఆయన 1962లో వాదించారు. థీకా ఆండ్రోజన్ తయారు చేస్తే గ్రాన్యులోసా దాన్ని ఈస్ట్రోజన్‌గా మారుస్తుందని 1970లలో ఇతరులు సవరించారు. అయినా రెండు రకాల కణాలు కావాలన్న పునాది కదల్లేదు. నా దృష్టిలో ఆయన పనుల్లో అన్నిటికన్నా గొప్పది ఇదే.

అండం వెళ్లిపోయాక ఆ చోట మిగిలే ముద్ద కార్పస్ లూటియం. దాని కణాల నిండా కొవ్వు బొట్లు. మనం భయపడే కొలెస్ట్రాలే దానికి ముడిసరుకు. రక్తంలోంచి లాక్కుని, గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టరాన్‌గా మారుస్తుంది. ఆవులో అది ముదురు పసుపు రంగులో ఉంటుంది, మేసిన గడ్డిలోని కెరోటిన్ వల్ల. గర్భం రాకపోతే స్త్రీలలో సుమారు 14 రోజులకు అది కుంచించుకుపోతుంది, నెలసరి వస్తుంది. గర్భం వస్తే మాత్రం అది బతకాలి. బతికించేది పిండమే! గొర్రెలో, ఆవులో ఒక రకం ఇంటర్‌ఫెరాన్ పంపి తల్లి గర్భసంచి ఆ ముద్దను చంపకుండా ఆపుతుంది. మనుషుల్లో హెచ్‌సీజీ అనే హార్మోన్ పంపుతుంది. ఇంట్లో చేసుకునే ప్రెగ్నెన్సీ టెస్టులో రెండో గీత తెచ్చేది ఆ హార్మోనే. తల్లి గర్భాన్ని గుర్తుపట్టడం అని షార్ట్ పేరు పెట్టింది ఈ సంభాషణకే.

ఎడిన్‌బరోలో పునరుత్పత్తి పరిశోధన విభాగాన్ని 1972 నుంచి పదేళ్లు నడిపి, 1982లో మెల్బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. చంటిబిడ్డ పాలు తాగుతుంటే మళ్లీ కడుపు తొందరగా రాదని మన అమ్మమ్మలు అనేవారు. ఆ మాటలో నిజముందని, తల్లిపాలు కాన్పుల మధ్య ఎడం పెంచుతాయని ఆయన గట్టిగా, గౌరవంగా రాశారు. ఆడవాళ్ల అనుభవాన్ని శాస్త్రం కొట్టిపారేయకూడదని నమ్మినవాళ్లంటే నాకు ప్రత్యేకమైన అభిమానం.

సి. ఆర్. ఆస్టిన్‌తో కలిసి ఆయన సంపాదకత్వం వహించిన ‘రీప్రొడక్షన్ ఇన్ మామల్స్’ సంపుటాలను విద్యార్థుల కోసమే తెచ్చారు. బయాలజీ చదివే పిల్లలూ, లైబ్రరీలో అడిగి తెప్పించుకోండి. పెద్దలారా, ఇంట్లో వాళ్లు నెలసరి గురించి, గర్భం గురించి అడిగితే గొంతు తగ్గించకుండా జవాబు చెప్పండి.