హెండ్రిక్స్ కాళ్ళ దగ్గరి డబ్బా

జిమీ హెండ్రిక్స్ 1942లో అమెరికాలోని సియాటిల్‌లో పుట్టాడు. పేద ఇల్లు. మొదట దొరికింది ఒక్క తీగ ఉన్న యుకులేలే. ఎడమచేతివాటం కాబట్టి కుడిచేతి గిటార్‌నే తిరగేసి, తీగలు మార్చుకుని వాయించేవాడు. కొన్నాళ్ళు సైన్యంలో పారాట్రూపర్‌, తర్వాత వేరే సింగర్ల వెనక గిటార్. 1966లో లండన్ వెళ్ళాకే దశ తిరిగింది. 1970లో అక్కడే, 27 ఏళ్ళకే పోయాడు. పేరొచ్చాక బతికింది నాలుగేళ్ళు, అంటే మన బీటెక్ అంత!

ఆ నాలుగేళ్ళూ అతని కాళ్ళ దగ్గర ఎక్కువగా ఉన్నది ఫజ్ ఫేస్ అనే గుండ్రటి పెడల్. విప్పితే లోపల రెండే ట్రాన్సిస్టర్లు. మొదట్లో అవి జెర్మేనియంవి, గది వేడెక్కితే సౌండూ మారిపోయేది. రోజర్ మేయర్ అనే ఇంజినీర్ ఆక్టేవియా అని ఇంకో పెడల్ చేసిచ్చాడు. అది వాయించిన స్వరానికి పై స్థాయి స్వరాన్ని కలుపుతుంది. 1967 నాటి పర్పుల్ హేజ్ సోలోలో వినిపించేది అదే.

నేనిప్పుడు చిన్న బోర్డు మీద ఆ ఫజ్‌ని కోడ్‌గా రాస్తున్నా. సిగ్నల్‌ని ఒక హద్దు దగ్గర కత్తిరించడం నాలుగు లైన్ల పని. కానీ హెండ్రిక్స్ గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గిస్తే చాలు, గరగర పోయి శబ్దం తేటపడేది. ఎందుకంటే గిటార్ పికప్, పెడల్ కలిసి ఒకే సర్క్యూట్‌లా పనిచేసేవి. మనం బోర్డు ముందు బఫర్ పెడతాం కదా, ఆ లింకు అక్కడే తెగుతుంది. ఇక పికప్‌ని కూడా కోడ్‌లోకి తేవాలి. ఈ సెమ్ దానికే సరిపోయేలా ఉంది.