వైద్యశాస్త్రవేత్త చార్లెస్ హగ్గిన్స్

పురుషుల శరీరంలో మూత్రాశయానికి దిగువన పెద్ద ఉసిరికాయంత గ్రంథి ఒకటి ఉంటుంది. దానిని ప్రోస్టేట్ గ్రంథి అంటారు. మన శాస్త్రగ్రంథాలలో పౌరుషగ్రంథి అనే పేరు కూడ కనిపిస్తుంది. వార్ధక్యంలో ఈ గ్రంథికి క్యాన్సర్ సోకడం కద్దు. వ్యాధి గ్రంథిని దాటి వెన్నెముకకు, కటిభాగపు ఎముకలకు ప్రాకిందంటే రోగి మంచం పట్టినట్లే. 1940 నాటికి వైద్యుల చేతిలో ఉన్నవి మార్ఫియా వంటి బాధానివారిణులే తప్ప వ్యాధిని వెనుకకు మరలించే ఔషధాలు కావు. ఆ స్థితిని మార్చినవాడు చార్లెస్ బ్రెంటన్ హగ్గిన్స్.

ఆయన 1901 సెప్టెంబరు 22న కెనడాలోని హాలిఫాక్స్ నగరంలో జన్మించాడు. తండ్రి ఔషధ విక్రేత. అకాడియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, 1924లో హార్వర్డ్ నుండి వైద్యపట్టం పొందాడు. మిషిగన్‌లో శస్త్రచికిత్స అభ్యసించి, 1927లో షికాగో విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడుగా చేరాడు. అక్కడ ఆయనకు మూత్రకోశ వ్యాధుల విభాగాన్ని అప్పగించారు. అది ఆయన కోరుకొన్న విద్య కాదు, అప్పటికి బాగా తెలిసిన విద్యా కాదు. అయినా వెనుకాడక, పుస్తకాలు ముందుంచుకొని నేర్చుకొన్నాడు.

ప్రోస్టేట్ గ్రంథి స్రవించే ద్రవంలో ఏమేమి పదార్థాలుంటాయో తెలుసుకోవాలని ఆయన సంకల్పం. అందుకు శునకాలను ఎన్నుకొన్నాడు. మూత్రంతో కలవకుండ ఆ ద్రవాన్ని విడిగా సేకరించే శస్త్రవిధానాన్ని 1939 నాటికి రూపొందించాడు. అయితే ముసలి శునకాలలో కొన్నింటికి ఆ గ్రంథిలో కంతులు ఏర్పడి, ప్రయోగాలకు అడ్డు తగిలేవి. తొలుత ఆయనకు అది చికాకుగానే తోచింది. తరువాత ఆ అడ్డంకినే పరీక్షించాడు. వృషణాలను తొలగించినా, స్త్రీ హార్మోన్ ఇచ్చినా ఆ కంతులు కుంచించుకొని పోయాయి. మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట కడదాకా నడిచిన శునకం భారతం చదివినవారికి ఇక్కడ గుర్తుకు రాక మానదు.

అంతవరకు క్యాన్సర్ కణం దేహశాసనానికి లొంగని స్వతంత్రజీవి అని పండితుల నమ్మకం. పురుష హార్మోన్ అందకపోతే ఈ కణాలు కూడ క్షీణిస్తాయని హగ్గిన్స్ ఊహించాడు. వ్యాధి ముదిరిన 21 మందికి వృషణాలను తొలగించి, 1941లో ఆ ఫలితాలను ప్రకటించాడు. క్లారెన్స్ హాడ్జెస్ అనే యువకుడు ఈ కృషిలో ఆయనకు సహచరుడు. రోగి నోటిమాటతో తృప్తిపడక, రక్తంలోని ఆసిడ్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమును కొలిచి చూడడం ఈ పరిశోధనలోని విశేషం. వ్యాధి పెరిగితే ఆ కొలత పెరిగేది, చికిత్సతో తగ్గేది. కొందరు రోగులకు కొన్ని రోజులలోనే ఎముకల బాధ ఉపశమించింది.

వ్యాధి నిర్మూలమయిందా అంటే, లేదు. పలువురిలో కొంతకాలానికి తిరగబెట్టింది. మూత్రపిండాల పైనున్న ఎడ్రినల్ గ్రంథులు కూడ కొద్దిగా పురుష హార్మోన్‌ను తయారు చేయడమే కారణమని భావించి, 1945లో వాటినీ తొలగించి చూశాడు. ఆ గ్రంథుల స్రావం లేనిదే మనిషి బ్రతకలేడు. దానికి బదులుగా ఇవ్వదగిన మందు అప్పటికి లేదు. ఆ రోగులు ఎక్కువకాలం జీవించలేదు. ఇది ఆయన చరిత్రలో దాచవలసిన పుట కాదని నా అభిప్రాయం. కార్టిజోన్ లభించిన తరువాత, 1950 దశకం ఆరంభంలో ఆయన ఆ శస్త్రచికిత్సను మళ్ళీ చేపట్టాడు. రొమ్ము క్యాన్సర్ రోగులకు కూడ అన్వయించాడు. స్త్రీ హార్మోన్ మాత్రలు పెద్ద మోతాదులో గుండెకు చేటు చేస్తాయని 1960 దశకంలో ఇతరుల పరీక్షలలో తేలింది.

1951 నుండి షికాగోలోని బెన్ మే పరిశోధనాలయానికి ఆయన అధిపతి. 1966లో పేటన్ రౌస్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నాడు. 21 మందితో చేసిన పరిశోధన వెలువడి అప్పటికి పాతికేళ్ళు. బహుమతి వచ్చినా ప్రయోగశాలను వీడలేదు. 1997 జనవరి 12న తన 95వ ఏట షికాగోలో కన్నుమూశాడు.

1945లో కత్తితో సాధించలేనిదాన్ని ఒక మాత్రతో సాధించే యత్నం ఆయన జీవించి ఉండగానే లండన్‌లో ఆరంభమయింది. అబిరటెరోన్ అనే ఆ మందు పురుష హార్మోన్ తయారీకి అవసరమయిన ఒక ఎంజైమును అడ్డుకొంటుంది. వృషణాలలోనే కాదు, ఎడ్రినల్ గ్రంథులలోనూ, కంతిలోనూ ఆ తయారీని ఆపుతుంది. కొత్త మందును తొలిదశలో కొద్దిమందికే, చిన్న మోతాదుతో మొదలుపెట్టి, హాని కలగడం లేదని చూచుకొంటూ పెంచుతారు. ఈ మందును రోజుకు 250 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 2000 వరకు పెంచారు. 2008లో ప్రకటించిన ఆ పరీక్షలో పాల్గొన్నవారు కూడ, యాదృచ్ఛికంగా, 21 మందే. వారిలో 12 మందికి వ్యాధిని సూచించే పి.ఎస్.ఎ. అనే రక్తపు కొలత సగమో, అంతకంటె ఎక్కువో తగ్గింది. పిదప మరిన్ని పరీక్షలు జరిగి, 2011లో అమెరికాలో ఆ మందుకు అనుమతి లభించింది. కార్టిజోన్ జాతికే చెందిన ప్రెడ్నిసోన్ మాత్రను దానితోపాటు ఇస్తారు.