ఈ నెల మహనీయుడు: పావులూరి మల్లన



మేడ్చల్, శామీర్‌పేట క్యాంపస్‌ల పేరెంట్ మీటింగుల్లో తరచూ వినిపించే బాధ ఒకటుంది. పిల్లలకు కూడికలు, గుణకారాలు వచ్చినా, ఇంగ్లిష్‌లో ఉన్న ప్రశ్న ఏమడుగుతోందో తెలియక మార్కులు పోతున్నాయని. భాష అడ్డొచ్చి లెక్క దూరమవడం కొత్త విషయం కాదు. సుమారు వెయ్యేళ్ల కిందటే ఒక తెలుగు కవి ఆ అడ్డు తొలగించే పని మొదలుపెట్టారు.

ఆయనే పావులూరి మల్లన. రాజమహేంద్రవరం నుంచి చాళుక్య రాజు రాజరాజ నరేంద్రుడు పాలించిన 11వ శతాబ్దానికి చెందినవారని ప్రసిద్ధి. అప్పట్లో గణితం నేర్వాలంటే సంస్కృతం రావాలి. 9వ శతాబ్దంలో మహావీరాచార్యులు రాసిన గణితసారసంగ్రహాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. తెలుగులో మనకు తెలిసిన తొలి గణిత గ్రంథం అదే.

చదరంగం బల్ల లెక్కనూ ఆయన పద్యంలో చెప్పారు. మొదటి గడిలో 1, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా 64 గళ్ల దాకా రెట్టింపు చేస్తూ పోతే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెల ఈ సంఖ్యను ఆయన మాటల్లో దాచారు. శరం అంటే 5, ఎందుకంటే మన్మథుడి బాణాలు ఐదు. చంద్రుడు 1, వేదాలు 4, ఆకాశం 0. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమకు రాసుకుంటూ పోతే సంఖ్య వచ్చేస్తుంది. పద్యం నోటికొస్తే అంకె తప్పదు.

ఇంత పెద్ద సంఖ్యనూ మన ఆరో తరగతి పిల్లలు పరీక్షించగలరు. చివర 5 ఉంది కాబట్టి ఇది బేసి సంఖ్య, 5తో భాగించబడుతుంది. అంకెల మొత్తం 87, కాబట్టి 3తో భాగించబడుతుంది, 9తో కాదు. అంటే ఇది ప్రధాన సంఖ్య కాదు, సంయుక్త సంఖ్య. 64 బిట్లలో కంప్యూటర్ దాచగల అతి పెద్ద పూర్ణ సంఖ్య కూడా ఇదే. గింజ బరువు 25 మిల్లీగ్రాములనుకుంటే, ఈ బియ్యం సుమారు 46 వేల కోట్ల టన్నులు!

ఈ ఆదివారం పిల్లలతో చదరంగం బల్ల ముందు కూర్చోండి. మొదటి వరుసలోని ఎనిమిది గళ్లలో బియ్యపు గింజలు పెట్టించండి. రెండు గళ్ల మొత్తం 3, మూడు గళ్లకు 7, నాలుగు గళ్లకు 15. ప్రతిసారీ మొత్తం, తర్వాతి గడిలో పెట్టాల్సిన గింజల కంటే ఒకటి తక్కువ. దాన్ని వాళ్లంతట వాళ్లే కనిపెట్టనివ్వండి. ఎనిమిది గళ్లకు 255 రావాలి.

ఎందుకలా వస్తుందో ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే చెప్పమనండి. కారణం సొంత మాటల్లో చెప్పగలిగిన పిల్లలకు అదే లెక్క పరీక్షలో ఇంగ్లిష్‌లో ఎదురైనా భయం ఉండదు.