సగానికి కోసిన ఇంజిన్... వేలమందికి రెక్కలు!

చేస్తున్న పని నచ్చడం లేదా? చేయాలనుకున్న పనికి దారి కనిపించడం లేదా? అయితే ఓ బస్సుల కంపెనీ డ్రాఫ్ట్స్‌మన్ కథ మీరు తెలుసుకోవాలి. 26 ఏళ్ల వయసులో ఆయన నెలజీతం వదిలేసి, తనకు ఏమాత్రం అనుభవం లేని పనిలోకి దిగారు. చేసిన మొదటి వస్తువు కొద్ది క్షణాల్లోనే ముక్కలైపోయింది. అయినా ఆ తర్వాత ఎన్నో దేశాల కుర్రాళ్లు పైలట్లుగా ఓనమాలు దిద్దుకున్నది ఆయన కంపెనీ చేసిన రెండు సీట్ల చిన్న విమానాల్లోనే. ఆయనే జెఫ్రీ డి హావిలాండ్.

తాత ఇచ్చిన వెయ్యి పౌండ్లు

1882 జులై 27న ఇంగ్లండ్‌లోని హై వికూంబ్ దగ్గర పుట్టారు. తండ్రి చర్చిలో మతబోధకుడు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్ ఇంజినీరింగ్ స్కూల్లో చదువు పూర్తిచేసి, ముందు కార్ల కంపెనీలో, తర్వాత బస్సుల కంపెనీలో చేరారు. ఉద్యోగమైతే ఉంది కానీ మనసు అక్కడ లేదు. 1908లో విల్బర్ రైట్ ఫ్రాన్స్‌కు వచ్చి విమానం ఎగరేసి చూపించడంతో యూరప్ అంతా ఆకాశం వైపు చూడటం మొదలుపెట్టింది. డి హావిలాండ్ కూడా అటే చూశారు.

మరి డబ్బు? అమ్మ తరఫు తాత, తన తదనంతరం మనవడికి చెందాల్సిన వెయ్యి పౌండ్లను ముందే చేతిలో పెట్టారు. 45 హార్స్‌పవర్ ఇంజిన్‌ను డి హావిలాండే డిజైన్ చేశారు. మెకానిక్ అయిన స్నేహితుడు ఫ్రాంక్ హర్ల్ తోడయ్యారు. రెక్కలకు తొడిగే గుడ్డను భార్య లూయీ కుట్టారు.

1909 డిసెంబరులో సెవెన్ బారోస్ అనే చోట విమానం నేల విడిచింది. అంతలోనే రెక్క విరిగి కూలిపోయింది. అదృష్టవశాత్తూ ఆయన చిన్న గాయాలతో బయటపడ్డారు. తాత సొమ్ములో చాలాభాగం ఆ శిథిలాల్లోనే ఉంది.

ఇక్కడ ఆయన చేసిన పని గమనించండి. పాడవకుండా మిగిలిన ఇంజిన్‌ను విప్పి తీశారు. విరిగింది రెక్కలోని చెక్క దూలం కాబట్టి, ఈసారి మరింత సాదాగా, మరింత గట్టిగా రెండో విమానం కట్టారు. 1910 సెప్టెంబరులో అది ఎగిరింది. నేర్పేవాళ్లు లేరు కాబట్టి ఎగరడం తనే నేర్చుకున్నారు. ఆ విమానాన్ని బ్రిటిష్ ప్రభుత్వం 400 పౌండ్లకు కొనుక్కుంది. దాంతోపాటే ఫార్న్‌బరోలోని ప్రభుత్వ ఫ్యాక్టరీలో డిజైనర్, టెస్ట్ పైలట్ ఉద్యోగం కూడా వచ్చింది. సర్టిఫికెట్ల కంటే చేసి చూపించిన పనే ఆయనకు అసలైన రెజ్యూమె అయింది.

ఒకటి బక్కది, ఒకటి బరువైనది

1914లో ఆయన ఎయిర్‌కో అనే ప్రైవేటు కంపెనీకి మారి, మొదటి ప్రపంచయుద్ధంలో వాడిన పలు విమానాలు డిజైన్ చేశారు. యుద్ధం ముగిసింది, ఆర్డర్లు ఆగిపోయాయి, కంపెనీ చేతులు మారింది. 38 ఏళ్ల వయసులో మళ్లీ మొదటికొచ్చారు! 1920 సెప్టెంబరులో లండన్ శివార్లలోని స్టాగ్ లేన్‌లో సొంత పేరుతో చిన్న కంపెనీ పెట్టారు.

మామూలు మనిషి నేర్చుకోగలిగే, కొనుక్కోగలిగే విమానం చేయాలన్నది ఆయన ఆలోచన. 1923లో మోటార్‌సైకిల్ ఇంజిన్‌తో డీహెచ్-53 చేశారు. చవకే, కానీ ఒకటే సీటు, శక్తి చాలదు. 1924లో డీహెచ్-51 చేశారు. యుద్ధంలో మిగిలిపోయిన చవక ఇంజిన్‌తో నడిపించాలనుకున్నారు. ఆ ఇంజిన్‌కు అనుమతి రావాలంటే మార్పులు తప్పవని తేలింది. వేరే ఇంజిన్ పెడితే ఖర్చు పెరిగింది. చివరికి తయారైనవి మూడే.

ఒకటి మరీ చిన్నది, ఇంకోటి మరీ పెద్దది. కావాల్సింది మధ్యలో ఉంది. కానీ ఆ సైజుకు సరిపడే ఇంజిన్ మార్కెట్లో లేదు. అప్పుడు ఇంజిన్ డిజైనర్ ఫ్రాంక్ హాల్‌ఫర్డ్‌తో కలిసి తేలికైన దారి వెతికారు. అప్పటికే ఉన్న ఎనిమిది సిలిండర్ల ఇంజిన్‌లో సగం తీసుకుంటే? నాలుగు సిలిండర్లు, 60 హార్స్‌పవర్. భాగాలు చాలావరకు సిద్ధంగా ఉన్నవే కాబట్టి ఖర్చూ తక్కువే. అలా పుట్టింది సిరస్ ఇంజిన్.

దాన్ని బిగించిన డీహెచ్-60 మాత్‌ను 1925 ఫిబ్రవరి 22న డి హావిలాండ్ స్వయంగా ఎగరేశారు. ఒకదాని వెనక ఒకటిగా రెండు సీట్లు, ఇద్దరికీ కంట్రోల్స్. పెట్రోలు ట్యాంకు పై రెక్కలో ఉండటంతో పంపు అక్కర్లేకుండా ఇంధనం దానంతటదే కిందికి దిగుతుంది. రెక్కలు మడిస్తే షెడ్డులో పట్టేస్తుంది. పురుగులు, సీతాకోకచిలుకలంటే చిన్నప్పటి నుంచీ ఆయనకు ఇష్టం. అందుకే రెక్కలు ముడుచుకునే ఈ విమానానికి చిమ్మెట అనే అర్థంలో మాత్ అని పేరు పెట్టారు. బ్రిటిష్ ప్రభుత్వం తన సాయంతో మొదలైన ఫ్లయింగ్ క్లబ్బుల కోసం దీన్నే ఎంచుకుంది. 1930లో ఆమీ జాన్సన్ ఒంటరిగా ఇంగ్లండ్ నుంచి ఆస్ట్రేలియాకు వెళ్లింది ఈ కుటుంబానికే చెందిన జిప్సీ మాత్‌లో. 1932లో మన జేఆర్‌డీ టాటా కరాచీ నుంచి బొంబాయికి తపాలా తెచ్చిన పస్ మాత్ కూడా డి హావిలాండ్ కంపెనీదే.

శిక్షకుడు దూకేదెలా?

మాత్‌ను సైనిక శిక్షణకు వాడాలంటే ఒక చిక్కొచ్చింది. శిక్షకుడు కూర్చునే ముందు సీటుకు సరిగ్గా పైన ట్యాంకు, చుట్టూ దాన్ని మోసే కడ్డీలు. ప్రమాదం వస్తే పారాచూట్‌తో బయటికి దూకడం కష్టం. అందుకని పై రెక్కను ముందుకు జరిపారు. జరిపితే విమానం తూకం చెడుతుంది కదా? రెక్కల కొసలను కాస్త వెనక్కి వాల్చి సరిచేశారు. అదే 1931 అక్టోబరులో ఎగిరిన టైగర్ మాత్.

దీన్ని ఎగరేయడం సులువే, కచ్చితంగా ఎగరేయడం మాత్రం కష్టం. విద్యార్థి చేసిన తప్పు వెంటనే బయటపడుతుంది, కానీ ప్రాణం మీదికి రావడం అరుదు. మంచి గురువుకు ఉండాల్సిన లక్షణం ఇదే కదా! మొత్తం 8 వేలకు పైగా తయారయ్యాయి. రెండో ప్రపంచయుద్ధ కాలంలో మన హైదరాబాద్‌లోని బేగంపేట శిక్షణ పాఠశాలలోనూ క్యాడెట్లు నేర్చుకున్నది టైగర్ మాత్‌ల మీదే.

గెలుపు వెనక గాయాలు

ఆయన జీవితం ఇక్కడి నుంచి పూలబాట అనుకోకండి. చెక్కతో చేసిన వేగవంతమైన మస్కిటో యుద్ధవిమానం కంపెనీకి గొప్ప పేరు తెచ్చింది. కానీ 1943లో రెండు మస్కిటోలు ఢీకొన్న ప్రమాదంలో చిన్న కొడుకు జాన్ చనిపోయారు. 1946లో ప్రయోగాత్మక జెట్‌ను పరీక్షిస్తూ పెద్ద కొడుకు జెఫ్రీ ప్రాణాలు వదిలారు. 1949లో భార్య లూయీ కన్నుమూశారు.

1952లో ప్రయాణికులతో సర్వీసు మొదలుపెట్టిన తొలి జెట్ విమానం కామెట్ కూడా ఈ కంపెనీదే. 1954లో వరసగా రెండు కామెట్లు గాల్లోనే ముక్కలయ్యాయి. కేబిన్‌లో గాలి పీడనం పదేపదే పెరిగి తగ్గడంతో లోహం అలసి పగిలిందని ఫార్న్‌బరో పరీక్షల్లో తేలింది. ఒకప్పుడు ఆయనకు తొలి విమానయాన ఉద్యోగం ఇచ్చిన ఊరే అది! కంపెనీ వెనక్కి తగ్గలేదు. లోపం సరిచేసిన కామెట్-4 1958లో అట్లాంటిక్ దాటి ప్రయాణికులను చేర్చింది. అక్కడ తెలిసిన పాఠం ప్రపంచంలోని విమాన తయారీదారులందరికీ పనికొచ్చింది. డి హావిలాండ్ 1965 మే 21న మరణించారు.

మీకు పనికొచ్చేది ఏంటంటే...

మీ ప్రాజెక్టు పనిచేయకపోతే దాన్ని రెజ్యూమె నుంచి తీసేయకండి. ఏ భాగం విరిగింది, ఎందుకు విరిగింది, రెండోసారి ఏం మార్చారు అన్నది రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పగలిగితే ఆ ప్రాజెక్టు వృథా కానట్టే. కొత్త భాగం కొనే ముందు ఉన్నవాటిలో ఏది సగం చేస్తే సరిపోతుందో కూడా ఓసారి చూడండి.