సంకల్పానికి నిలువెత్తు రూపం – మన బోయి భీమన్న

మన కోనసీమ కొబ్బరికీ, వరికీ ఎంత పేరు పొందిందో పట్టుదల గల మనుషులకూ అంత పేరు పొందింది. వారిలో హాస్టల్ విద్యార్థులమైన మనమందరం తప్పక తెలుసుకోవలసిన మహనీయుడు పద్మభూషణ్ బోయి భీమన్న గారు.

భీమన్న గారు 1911 సెప్టెంబరు 19న మామిడికుదురులో ఒక పేద దళిత కుటుంబంలో జన్మించారు. ఆ రోజుల్లో మన పేటల్లో పిల్లవాడు పుడితే వాడి దారిని ఎవరో ముందే నిర్ణయించి ఉంచేవారు. కాస్త నడక వస్తే పశువుల వెంట, కాస్త బలం వస్తే కామందు ఇంట పాలేరుతనం. పాలేరు అంటే ఏడాది జీతానికి కుదిరినవాడు. ఎప్పుడు లేవాలో, ఏ పని చెయ్యాలో అతని చేతిలో ఉండదు. అంటే కష్టంతో పాటు అతని ఇష్టం కూడా అమ్ముడుపోయిందన్నమాట. పేదరికం కన్నా పెద్ద బాధ ఇదే.

అటువంటి కాలంలో భీమన్న గారు బడి బాట పట్టి, బి.ఎ. పట్టా పుచ్చుకొని, ఉపాధ్యాయ శిక్షణ కూడా పూర్తి చేశారు. ఉపాధ్యాయుడిగా, పత్రికా రచయితగా పనిచేశారు. తరువాత ప్రభుత్వంలో అనువాద శాఖ బాధ్యతలు చూశారు. శాసనమండలి సభ్యులయ్యారు. డెబ్బైకి పైగా పుస్తకాలు రాశారు.

వాటిలో మన పేటలకు బాగా దగ్గరైనది స్వాతంత్ర్యానికి ముందే వచ్చిన 'పాలేరు' నాటకం. ఒక పాలేరు కుర్రాడు చదువుకొని డిప్యూటీ కలెక్టరు కావడం అందులోని కథ. ఈ రోజు ఇది మామూలు కథలా అనిపించవచ్చు. కానీ పాలేరు కొడుకు పాలేరే అవుతాడని అందరూ నమ్మే రోజుల్లో, ఆ మాట తప్పని రంగస్థలం మీద చూపించడం సామాన్యమైన విషయం కాదు. ఊరూరా ఆడిన ఆ నాటకం చూసి ఎందరో తల్లిదండ్రులు పిల్లల్ని పాలేరుతనం మాన్పించి బడికి పంపారు.

ఇక్కడే మనం ఒక సంగతి గ్రహించాలి. కోరిక వేరు, సంకల్పం వేరు. చదువుకోవాలనే కోరిక ఆ రోజుల్లో చాలామందికి ఉండి ఉంటుంది. కోరిక మంచి రోజు కోసం ఎదురుచూస్తుంది. సంకల్పం ఉన్న రోజులోనే పని మొదలుపెడుతుంది. తలరాత అనుకొని ఊరుకున్నవాడికి రెండవది ఎన్నటికీ రాదు.

అయితే పట్టుదల ఒక్కటి ఉంటే చాలునని భీమన్న గారు చెప్పలేదు. 'రాగవాసిష్ఠం' నాటకంలో అరుంధతీ వసిష్ఠుల కథ ద్వారా పుట్టుకను బట్టి మనిషిని కొలిచే పద్ధతిని ప్రశ్నించారు. 'గుడిసెలు కాలిపోతున్నాయి' కావ్యంలో దళితుల బాధను లోకం ముందు పెట్టారు. గుడిసె కాలిపోతున్నవాడిని పట్టుదల లేదని నిందించడం అన్యాయం. మనిషి సంకల్పం నిలబడాలంటే సమాజం కూడా మారాలి. ఆ కావ్యానికే 1975లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. 1973లో పద్మశ్రీ, 2001లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. 2005 డిసెంబరు 16న ఆయన కన్నుమూశారు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! భీమన్న గారి చిన్ననాడు లేని సదుపాయాలు ఇప్పుడు మనకు ఉన్నాయి. ఉండడానికి హాస్టల్, తినడానికి అన్నం, చదువుకోవడానికి పుస్తకాలు ప్రభుత్వం ఇస్తోంది. ఇవి ఎవరి దయా కాదు, ఎందరో పోరాడితే వచ్చిన హక్కులు. తెల్లవారుజామున స్టడీ అవర్‌కు గంట కొడితే అందరం లేస్తాం. పాలేరు కూడా ఇంకొకరు లేపితేనే లేచేవాడు. కానీ లేచాక పుస్తకం తెరిచి మనసు పెట్టి చదవడం మాత్రం ఏ గంటా చేయించలేదు. అది మన చేతిలోని పని. మధ్యలో చదువు మానేసి కూలికి పోదామనిపించిన రోజున మామిడికుదురు పిల్లవాణ్ణి ఒక్కసారి తలుచుకుందాం. అదే ఆ మహనీయునికి మనం అర్పించే నిజమైన నివాళి.